మరి ఉంటాను

అక్టోబర్ 3

రిఫరీ గారి సముఖానికి,

నీ మావయ్య క్షేమంగా చేరాడు. ఆఖరి స్టేషన్ దాకా వచ్చి చూస్తే నాతో పాటు దిగినవాళ్ళు ఎవరూ లేరు. పొరపాటున దిగానేమో అనుకుంటుంటే ప్లాట్‌ఫాం చివర నుంచి పొడుగాటి కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, నేనెవరో అడక్కుండానే "కోచ్ గారూ, రండి" అన్నాడు. క్లబ్ ఛైర్మన్. వద్దన్నా వినకుండా నా పెట్టె ఆయనే మోశాడు. మన పాత క్లబ్ సెక్రటరీ నన్ను పీకేసిన వైనం గుర్తుందిగా. మంగలి షాపుకి ఫోన్ చేసి, సగం గడ్డం మీద ఉన్నవాణ్ణి లేపి మరీ చెప్పాడు. ఆ సగం గడ్డానికి ఇన్నాళ్ళకి కాస్త మర్యాద దక్కింది.

నా గది గ్రౌండ్‌లోనే, గ్యాలరీ మెట్ల కింద. మంచం, కుర్చీ, మేకుకి నీలం ట్రాక్‌సూట్. దాని వీపు మీద 'కోచ్' అని తెల్ల దారంతో కుట్టి ఉంది. వేసుకుంటే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. నా చేతుల పొడుగుకి కొన్న బట్టలు ఏవీ సరిపోవని అక్క ఎప్పుడూ దెప్పుతుంది కదా, ఈ ముక్క ఆవిడ చెవిన వెయ్యి. మంచం కింద చెప్పులు కూడా నా సైజే. పాత కోచ్ మర్చిపోయి వెళ్ళినట్టున్నాడు.

ఫైనల్ సంగతి దాచిపెట్టడం ఎందుకని నేనే కదిపాను. గోల్‌కీపర్ మోకాలు పట్టేసి కుంటుతున్నాడనీ, మైదానం గీత బయట నుంచి నేను "ఉంటావా?" అని అరిస్తే "ఉంటాను కోచ్" అన్నాడనీ, ఆ మాట నమ్మి మార్చలేదనీ, చివర్లో బంతి వాడి పక్కనుంచే తీరుబడిగా దొర్లుకుంటూ వెళ్ళిపోయిందనీ, మార్చడం చేతకాని కోచ్ అని ఊరంతా నా మొహాన ఉమ్మేసిందనీ చెప్పాను. ఛైర్మన్ అంతా విని, "తెలిసే పిలిచామండీ. మీలాంటివారికి రెండో అవకాశం ఇవ్వడానికే ఈ క్లబ్ ఉంది" అన్నాడు.

ఇక్కడ ఒక్క సీజన్ నిలబడితే చాలు అమ్మడూ. ఆ సెక్రటరీ నన్ను వెతుక్కుంటూ వస్తాడు.

ఇక్కడ ఫోన్ లేదు, ఉత్తరాలే దిక్కు. సాయంత్రం ఛైర్మన్ గేటు దగ్గర నన్నేదో అడిగాడు. గాలి హోరులో వినబడలేదు. పొద్దుపోయింది కదా, సెలవడుగుతున్నాడేమో అనుకుని "మరి ఉంటానండీ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని ఎంతకీ వదలడే. మంచి మనుషులు.

ఉంటాను మరి,
మావయ్య


అక్టోబర్ 9

రెడ్ కార్డు అందుకున్న మావయ్యకి,

కార్డు నాది కాదు, అమ్మది. నువ్వు వెళ్ళేరోజు ఏమన్నావో గుర్తుందా? పెట్టె పుచ్చుకుని గుమ్మంలో నిలబడి "పోతున్నా" అన్నావు. వెళ్ళొస్తానని అనలేదు. ఆవిడకి అక్కడ పట్టుకుంది. కూర తరుగుతూ "పోతున్నానన్నాడే", బట్టలు ఆరేస్తూ "పోతున్నానన్నాడే". చెవులు తూట్లు పడుతున్నాయి. చిన్నప్పుడు మీరిద్దరూ పోట్లాడుకుంటే నేను మధ్యలో నిలబడి విజిల్ వేసేదాన్ని. ఇప్పుడు ఒక పక్క జట్టు మైదానంలోనే లేదు, ఎవరిమీద వెయ్యను?

నా ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. ఇంత చదువూ చదివి పేపరాఫీసులో క్రీడల పేజీకి కామాలు దిద్దుతున్నాను. నా బల్లకి ఎదురుగా గోడ గడియారం. అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను. ఏదో ఒకరోజు ఇద్దరిలో ఒకరం ఆగిపోతాం.

ఆ పేజీ దిద్దేదాన్ని కాబట్టే అడుగుతున్నా. మీ క్లబ్ ఏ లీగ్‌లో ఆడుతుంది? నాకు వచ్చే పట్టికలన్నీ వెతికాను, ఆ పేరు ఎక్కడా తగల్లేదు. మా సీనియర్‌ని అడిగితే "ఆ లైన్లో ఆఖరి స్టేషన్ మూసేశారు కదమ్మా" అన్నాడు. ఆయన ఏది అడిగినా మూసేశారనే అంటాడనుకో, మొన్న క్యాంటీన్ సంగతీ అలాగే అన్నాడు, వెళ్తే టీ ఇచ్చారు.

పాత కోచ్ చెప్పులు వదిలేసి ఎక్కడికి వెళ్ళాడు? చెప్పుల్లేకుండా ఎవరు వెళ్తారు? కనుక్కో.

ఉంటాను,
రిఫరీ


అక్టోబర్ 16

రిఫరీ గారికి,

పాత కోచ్ సంగతి నీ మాట మీద అడిగాను. "పాత కోచ్ గారు ఉన్నారా?" అంటే, "ఉన్నారు" అన్నాడు ఛైర్మన్. బతికే ఉన్నాడు, సంతోషం. ఇక నీ అనుమానాలు కట్టిపెట్టు.

లీగ్ సంగతి ఛైర్మన్ చూసుకుంటాడట. నా పని నేర్పడం. నేర్పడానికేముందిలే, నేను నోరు తెరవకముందే కుర్రాళ్ళు మొదలుపెట్టేస్తారు. ఒక్కడూ ఎదురు చెప్పడు, ఒక్కడూ ఆయాసపడడు. తుడుచుకోమని టవల్ ఇస్తే మడత విప్పకుండా తిరిగి ఇస్తారు. బంతిని తన్నిన చప్పుడు మాత్రం తన్నాక కాసేపటికి గానీ వినిపించదు. పొగమంచు మూలాన అయ్యుంటుంది.

అసలు కబురు ఇప్పుడు చెప్తాను, నవ్వకు. వీళ్ళు నా ఫైనల్ ఆడుతున్నారు. నేను ఓడిపోయిన ఆ ఫైనల్నే. మొదటి పాస్ దగ్గర్నుంచీ తు.చ. తప్పకుండా. మొదటిరోజు చూసి, నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని ఒళ్ళు మండింది. చివరికొచ్చేసరికి వీళ్ళ గోల్‌కీపర్ కుంటడం మొదలుపెట్టాడు. అక్కడ అందరూ ఆగిపోయారు. ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడి మొహాలు తిప్పి నావైపు చూశారు. ఛైర్మన్ నా వెనక నుంచి నెమ్మదిగా "ఇక్కడ మార్చండి కోచ్ గారూ" అన్నాడు.

మార్చాను. కొత్త కుర్రాడు వెళ్ళి నిలబడ్డాడు. ఆ బంతే వచ్చింది, ఆ దిక్కు నుంచే, అదే తీరుబడిగా. వాడు వంగి, కింద పడ్డ పండుని తీసినట్టు తీశాడు. అమ్మడూ, నేను గడ్డి మీద కూలబడి ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

అప్పటి నుంచీ రోజూ ఆడుతున్నాం. రోజూ మారుస్తున్నాను. రోజూ గెలుస్తున్నాం.

గ్యాలరీలో పెద్దవాళ్ళు కొందరు ఒకే వరసలో కూర్చుని చూస్తుంటారు. రిటైరైన ఆటగాళ్ళనుకున్నా. లేచినప్పుడు చూస్తే అందరి వీపు మీదా 'కోచ్' అనే ఉంది. ఇంతమంది కోచ్‌లు నెత్తిన కూర్చుంటే ఏ కోచ్‌కి చేతులాడతాయి చెప్పు. వరస చివర ఒక కుర్చీ ఖాళీ. అందరూ ఒకేసారి చప్పట్లు కొడతారు, ఒకేసారి ఆపుతారు.

అక్కని ఇక అలక మానమను.

ఉంటాను,
మావయ్య


అక్టోబర్ 22

మావయ్యా,

ఎకసెక్కాలు తర్వాత. ముందు ఇది చదువు, రెండుసార్లు చదువు.

నిన్న మీ పాత క్లబ్ సెక్రటరీ ఇంటికొచ్చాడు. వెనకాల గోల్‌కీపర్. సెక్రటరీ కుర్చీ అంచున కూర్చుని టోపీని చేతుల్లో తిప్పుకుంటూ, "కొత్తాయన ఇమడలేకపోయారండీ, కుర్రాళ్ళు ఆడటం మానేశారు, మళ్ళీ మీ మావయ్యగారే రావాలి" అన్నాడు. అమ్మ "మంగలి షాపుకి ఫోన్ చెయ్యకపోయారా" అంది. టోపీ తిరగడం ఆగిపోయింది. నవంబర్ ఎనిమిదో తారీఖుకి నువ్వు మైదానంలో ఉండాలట. రాకపోతే వేరే మనిషిని చూసుకుంటారు. ఇదీ నీ రెండో అవకాశం. నిజంది. నేను దిద్దే పేజీలో అచ్చయ్యేది.

గోల్‌కీపర్ మోకాలు నయమైంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాతో, "ఉంటావా అని ఆయన అంత ఆశగా అడిగితే ఉండనని ఎలా అంటాను? నొప్పికి కళ్ళు తిరుగుతున్నాయి. నేనన్నది పట్టుకోకుండా, నన్ను చూసి ఉండాల్సింది" అన్నాడు. కోపంగా కాదు. నీకు చెప్పమనీ అనలేదు. నేనే చెప్తున్నా.

ఇక నీ ఉత్తరం. పాత కోచ్ "ఉన్నారు" అంటే, ఎక్కడున్నారని అడగవేం? వీపు మీద 'కోచ్' అని ఉన్న మనుషులు వరసగా కూర్చుని ఉంటే, చివర కుర్చీ ఖాళీగా ఉంటే, నీకేమీ తోచలేదా? మొదటిరోజు గేటు దగ్గర ఆ ఛైర్మన్ నిన్ను అడిగిందేమిటి? అది కనుక్కుని వెంటనే రాయి. కాదు, రాయకు. బయల్దేరు.

మా సీనియర్ పిలుస్తున్నాడు, పేజీ వెళ్ళిపోతోందట.

ఉంటాను,
రిఫరీ


అక్టోబర్ 27

రిఫరీ గారికి,

నీ ఉత్తరం ఛైర్మన్ గారికి వినిపించాను. చివరి మాట మళ్ళీ చదవమన్నారు. చదివాను. చాలా సంతోషించారు. "రిఫరీ గారు కూడా ఉంటానన్నారన్నమాట" అన్నారు. నా పక్క గది ఊడ్పించారు. మేకుకి నల్ల చొక్కా, నల్ల నిక్కరు తగిలించారు. చూడటానికి నీ కొలతలాగే ఉన్నాయి. విజిల్ మాత్రం దొరకలేదట, అది నీ దగ్గరే ఉంటుందన్నారు. నీ దగ్గర విజిల్ ఉందని ఆయనకి నేనెప్పుడు చెప్పానో గుర్తు లేదు.

నువ్వు రావడం మంచిదే. ఇక్కడ లోటల్లా అదే. రోజూ గెలుస్తున్నాం గానీ చివరి విజిల్ వేసేవాళ్ళు లేరు. అందుకని ఆట అయిపోయినట్టు కాదు, గెలిచినట్టూ కాదు. మర్నాడు మళ్ళీ మొదటి పాస్ నుంచీ.

పాత క్లబ్ వాళ్ళు పిలిచారని చెప్పాను, మరి బయల్దేరతానని కూడా అన్నాను. ఛైర్మన్ గారికి కోపం రాలేదు. ఆశ్చర్యపోయారంతే. "ఉంటారా అని అడిగితే ఉంటానన్నారు కదండీ" అన్నారు. నిజమే, అన్నాను కదా.

పాత కోచ్ ఎవరో తెలిసింది. ఖాళీ కుర్చీకి పక్కన కూర్చునే ఆయన. ఏ మ్యాచ్ ఓడిపోయారని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "మొన్న మొన్నటిదాకా గుర్తుండేది" అన్నారు. ఆయన కాళ్ళకి చెప్పుల్లేవు.

నిలబడి నిలబడి కాళ్ళు లాగితే ఆ ఖాళీ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. వెచ్చగా ఉంది. దాని పక్కన ఇంకో కుర్చీ వేశారు, చిన్నది.

మీ అమ్మగారిని అడిగానని చెప్పండి.

ఉంటాను,
కోచ్


అక్టోబర్ 31

మావయ్యా,

నీ ఉత్తరంలో చిన్న కుర్చీ దగ్గర నాకు భయం వెయ్యలేదు. నల్ల బట్టల దగ్గరా వెయ్యలేదు. "మీ అమ్మగారిని" దగ్గర కాగితం కింద పడేశాను. ఆవిడ నీ అక్క. నీ చొక్కా చేతులు పొట్టయితే గుడ్డ కలిపి కుట్టిన అక్క. ఆవిడ కాగితం తీసి చదువుకుని, పొయ్యి కట్టేసి, తడి చేతులతో అలాగే కూర్చుండిపోయింది.

విను. 'ఉంటాను' అంటే మనిద్దరి మధ్యా 'సెలవు' అని. ఫోన్ పెట్టేసే ముందు, ఉత్తరం ముగించే ముందు ఇంటింటా అనే మాట. వెళ్ళేటప్పుడు వెళ్తానని అనడం ఇష్టం లేక ఉంటానంటాం. నువ్వు గేటు దగ్గర అన్నదీ, నేను ఉత్తరం కింద గిలికిందీ అంతే. వాళ్ళు మాటని చూస్తారు గానీ మనిషిని చూడరు. నువ్వు ఆ ఫైనల్‌లో ఒకసారి చేసిన పనే వాళ్ళు రోజూ చేస్తున్నారు.

అందుకని గేటు దగ్గరికి వెళ్ళి గట్టిగా 'వెళ్ళొస్తాను' అని చెప్పెయ్యమని రాయబోయాను. అమ్మ నా భుజం మీదుగా చూస్తోంది.

"అది రాయకు" అంది.

"ఏం?"

"వెళ్ళొస్తానంటే మళ్ళీ రావాలిగా. ఉంటానన్నందుకు ఉంచేసుకున్నవాళ్ళు, వస్తానంటే వదుల్తారా?"

"మరేమనాలి?"

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని అంది, "ఇన్నాళ్ళూ నేను ఏ మాటకి ఏడ్చానో, ఆ మాట అనమను."

అదీ మావయ్యా. ఇంట్లో అనకూడని మాటే అక్కడ అనాల్సింది.

కానీ ముందు ఆట అయిపోవాలి. రిఫరీ రాదు. విజిల్ పంపిస్తున్నాను. నా చిన్నప్పుడు నువ్వు కొనిచ్చిన ఇత్తడిదే, తాడు మాత్రం కొత్తది. నువ్వే వెయ్యి. గెలిచాక వేస్తే లాభం లేదనిపిస్తోంది. ఆ గెలిచే మ్యాచ్ ఎక్కడా జరగలేదు, జరగనిదానికి ముగింపు ఎక్కడి నుంచి తెస్తావు? జరిగింది ఓటమి. అందుకే ఈసారి మార్చకు. ఛైర్మన్ చెవిలో చెప్తాడు, అయినా మార్చకు. కుంటేవాణ్ణి కుంటనీ. బంతిని పోనీ. పోయాక విజిల్ వెయ్యి. ఓడిపోయి ఇంటికి రా.

ఎనిమిదో తారీఖు మర్చిపోకు. నీ పక్కదుప్పట్లు ఎండలో వేశాం.

కింద ఏ మాటా రాయడం లేదు. ఇకమీదట రాయను కూడా.

నీ మేనకోడలు


నవంబర్ 6
జంక్షన్, ప్లాట్‌ఫాం బెంచీ మీద

అమ్మడూ,

రైలు ఆలస్యం. ముందు ఈ ఉత్తరం చేరుతుందో నేను చేరతానో తెలియదు. అయినా రాయకుండా కూర్చోలేకపోతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. చేశాననడం తేలిక. గోల్‌కీపర్ కుంటడం మొదలుపెట్టగానే అందరూ ఆగి నావైపు తిరిగారు. "ఇక్కడ మార్చండి కోచ్ గారూ." నేను కదల్లేదు. "ఇక్కడ మార్చండి." ఆయన గొంతు మారలేదు, పెరగలేదు. అన్నిసార్లూ ఒకేలా అన్నాడు. గ్యాలరీలో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. మార్చడం ఎంత తేలికో నీకు తెలియదు. చెయ్యెత్తితే చాలు. ఎత్తకుండా ఉండటానికి రెండో చేత్తో పట్టుకున్నాను.

ఇన్నాళ్ళకి మొదటిసారి ఆ గోల్‌కీపర్ మొహం చూశాను. మనవాడి మొహమే. నొప్పి అలా కనబడుతుంటే ఆవేళ నేను అడిగిందేమిటి? బంతి వచ్చింది. వాడి పక్కనుంచి వెళ్ళింది. ఈసారి బంతి చప్పుడు బంతితోనే వినిపించింది. విజిల్ వేశాను.

కుర్రాళ్ళు తలలు దించుకుని నడిచి వెళ్ళిపోయారు, ఓడిపోయిన జట్టు ఎలా వెళ్తుందో అలాగే. పొగమంచులోకి వెళ్ళాక మళ్ళీ ఎవరూ కనబడలేదు. ట్రాక్‌సూట్ విప్పి మేకుకి తగిలించాను. నా చొక్కా వేసుకుంటే చేతులు పొట్టి. అక్క గుర్తొచ్చింది. అక్క మొహం, అక్క గొంతు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

చెప్పుల్లేని ఆయన మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపాడు. ఏం కావాలో అడగలేదు. విజిల్ ఇచ్చేశాను. నీ వస్తువు, నిన్నడక్కుండా ఇచ్చాను, ఏమనుకోకు.

గేటు దగ్గర ఛైర్మన్ నిలబడి ఉన్నాడు. "ఉంటారా?" అన్నాడు. "పోతున్నా" అన్నాను. ఆ మాట ఇంట్లో కోపంతో అన్నాను. ఇక్కడ ప్రాణం చిక్కబట్టుకుని అన్నాను. పక్కకి తప్పుకున్నాడు. తప్పుకుంటూ, ఎంతో మర్యాదగా, "రిఫరీ గారు ఉంటానన్నారు కదండీ" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. చెప్పాల్సిందేమోనని అప్పటి నుంచీ మనసు పీకుతోంది.

స్టేషన్ దాకా వెనక నుంచి విజిల్ వినబడుతూనే ఉంది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. ఒక్కొక్కళ్ళే వేసుకుంటున్నట్టున్నారు.

వచ్చేస్తున్నాను.

మావయ్య


నవంబర్ 8, పొద్దున్న

మావయ్యా,

ఈ చీటీ నీ టీ గ్లాసు కింద పెట్టి ఆఫీసుకి వెళ్తున్నాను. జంక్షన్‌లో నువ్వు రాసిన ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పక్క గదిలో నీ గురక వింటూ చదివాను కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండాగేది. విజిల్ పోతే పోయింది. మంచి చోటికే పోయింది.

లేచాక గడ్డం పూర్తిగా గీసుకో. సెక్రటరీ కారు పంపిస్తాడు. గోల్‌కీపర్ నిన్ననే మైదానానికి వచ్చి నీ కుర్చీ తుడిచి వెళ్ళాడట. వాడు ఈసారి కుంటితే అడక్కు, చూడు.

ఇంకొక్క సంగతి. నిన్న ఆఫీసులో నా బల్ల మీద ఫోన్ మోగింది. అవతల గాలి హోరు. చాలా దూరంలో చప్పట్లు, ఒకేసారి మొదలై ఒకేసారి ఆగాయి. అక్కడ ఫోన్ లేదని నువ్వే రాశావు. ఎవరో ఎంతో మర్యాదగా, "ఉంటారా?" అన్నారు. నేను పలకలేదు. ఫోన్ పెట్టేసేటప్పుడు అలవాటుగా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి పెట్టేశాను.

వాళ్ళకి ఇంటి నంబరు కూడా తెలిసే ఉంటుంది. ఇవాళంతా నువ్వు ఫోన్ దగ్గరే ఉండు, కారు వచ్చినా సరే, ఈ అవకాశం పోయినా సరే, నేను వచ్చేదాకా కదలకు. మోగితే నువ్వే తియ్యి. అమ్మని మాత్రం తియ్యనివ్వకు. ఆవిడ ఎవరితో మాట్లాడినా, తప్పు నంబరు వచ్చినా, ఆ మాట అనకుండా ఫోన్ పెట్టదు.